రెండుసార్లు లాగితే దగ్గరికి రమ్మని

మా ఆయన నా బదులు ఒక ఇనప కర్రను తెచ్చుకున్నాడు. ఈ మాట ఎవరితో అన్నా ఫక్కున నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ వారమంతా నాకు మాత్రం నవ్వు రాలేదు.

మాది ఫోటో స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. మధ్యలో చెక్క మెట్లు. ఎవరు ఎక్కినా, ఎవరు దిగినా వీధి చివరిదాకా వినపడేలా కిర్రుమంటాయి. మా ఆయన కెమెరా పట్టుకుంటాడు, నేను లైటు పట్టుకుంటాను. పెళ్ళైన కొత్తలో ఏదో చేతిసాయంగా మొదలుపెట్టిన పని, చివరికి అదే నా ఉద్యోగమైపోయింది. నా అసలు పేరు ఈ వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ నేను లైటమ్మను. ఆయన్ని మౌనం మాస్టారు అంటారు, ఆ పేరు ఎందుకొచ్చిందో మళ్ళీ చెప్పక్కర్లేదు. "నవ్వండి" అని కూడా నోరు తెరిచి చెప్పడు మహానుభావుడు. వచ్చినవాళ్ళను నవ్వించడం, కాలర్లు సర్దడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, ఆ పనులన్నీ నా వంతే.

లైటు పట్టుకోవడమంటే దీపస్తంభంలా నిలబడటమే అనుకునేరు. కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టి ఎదురుగా కొడితే మనిషి మొహం పళ్ళెంలా చదునుగా పడుతుంది. ముక్కూ చెంపా ఏకమైపోయి, వెనక గోడ మీద నల్లటి నీడ దెయ్యంలా నిలబడుతుంది. అదే ఫ్లాష్‌ని కెమెరా మీంచి ఊడదీసి, పక్కనుంచి, కాస్త ఎత్తులోంచి కొట్టామా, అదే మొహం కళకళలాడుతుంది. అందుకని మా కెమెరాకీ ఫ్లాష్‌కీ మధ్య పొడుగాటి తీగ ఒకటి ఉండేది. ఆ చివర ఆయన, ఈ చివర నేను.

ఆ తీగతోనే మా ఆయన నాతో మాట్లాడేవాడు. హాల్లో జనం గోలగోలగా ఉంటే నన్నెలా పిలుస్తాడు? అసలే ఆ గొంతు పక్క కుర్చీకి కూడా వినపడదు. అందుకని తీగ లాగేవాడు. ఒకసారి లాగితే లైటు పైకెత్తమని. రెండుసార్లు లాగితే దగ్గరికి రమ్మని. మూడుసార్లు లాగితే ఇక చాలు, చెయ్యి దించమని. ఈ ఏర్పాటు ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో నాకు గుర్తులేదు. కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నది మాత్రం కాదు. పని చేస్తూ చేస్తూ అదే వచ్చేసింది. ఎంత గొడవలో ఉన్నా ఆ తీగ ఇలా కదిలిందంటే నా చెయ్యి అలా లేచేది. ఇంట్లో పొద్దుట్నుంచీ పోట్లాడుకుని ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పనికి వెళ్ళిన రోజులు లేకపోలేదు. అప్పుడు కూడా తీగ మాత్రం మాట్లాడేది.

అలాంటిది ఈమధ్య నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తితే ప్రాణం పోతోంది. ఆయనకు తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. "కొన్నాళ్ళు ఈ చెయ్యి ఎత్తే పనులు పెట్టుకోవద్దు" అన్నాడు డాక్టరు. బావుంది, నా పనే చెయ్యి ఎత్తడం! ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే ఏమవుతుంది, నా పని పోతుంది. చలిగా ఉందని వంక పెట్టి భుజం మీద ఒక శాలువా వేసుకుని, పళ్ళు బిగబట్టి లైటు పట్టుకుంటూనే ఉన్నాను. ఆయన మాత్రం ఈమధ్య బద్ధకస్తుడైపోయాడనిపించేది. నాలుగు ఫోటోలు తీశాడో లేదో తీగ మూడుసార్లు లాగేసేవాడు. "అప్పుడే చాలా? ఇంకా సగం మంది ఉన్నారు!" అని నేను కసిరేదాన్ని. బెల్లం కొట్టిన రాయిలా నిలబడేవాడు తప్ప జవాబు చెప్పేవాడు కాదు.

ఒక రోజు పార్సిల్ వచ్చింది. అందులోంచి మూడు కాళ్ళ ఇనప కర్ర, ఒక తెల్ల గొడుగు, అగ్గిపెట్టెలంత డబ్బాలు రెండు బయటికొచ్చాయి. మా ఆయన ఒక డబ్బాను కెమెరా నెత్తిన పెట్టాడు. రెండోదాన్ని ఫ్లాష్ అడుగున బిగించాడు. ఆ ఫ్లాష్‌ని కర్ర చివర తగిలించి, దాని ముందు గొడుగు విప్పాడు. రెండు డబ్బాల మీదా ఒకే అంకె వచ్చేలా తిప్పాడు. గది ఈ మూల నిలబడి కెమెరా నొక్కాడు. ఆ మూల ఫ్లాష్ థప్పున వెలిగింది. మధ్యలో తీగ లేదు, మనిషి లేదు.

"గాల్లోంచే వెళ్తుంది," అన్నాడు. ఆయన మొహం చూస్తే కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహమే. "గోడ అడ్డమున్నా వెళ్తుందట."

"మరి నేనెక్కడ నిలబడాలి?" అన్నాను.

"నువ్వా," అని బెంచీ వైపు చూశాడు. "నువ్వు కూర్చో."

కూర్చోవాలట! తీగను చుట్ట చుట్టి బీరువాలో పడేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు మెదపలేదు. నాకూ పౌరుషం ఉంటుంది. వెళ్ళి, ఫోటోలకు వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద, వాళ్ళలో ఒకదానిలాగే కూర్చున్నాను. ఆ వారమంతా అంతే. జనం వచ్చేవారు, ఫోటోలు దిగేవారు, వెళ్ళేవారు. ఆయన కర్రను అటు జరిపి, ఇటు జరిపి, మళ్ళీ ఉన్నచోటే పెట్టి, చెమటలు తుడుచుకునేవాడు. నేను కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేదాన్ని. కర్ర తప్పుడు చోట ఉందని నాకు కనపడుతూనే ఉంది. నేనెందుకు చెప్పాలి? కర్రనే అడగమనండి!

వారం చివర్లో మా వీధి టైలరమ్మ వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తనకు కుట్టు నేర్పింది అమ్మే కాబట్టి, కొట్టులో మిషను ఎదురుగా అమ్మ ఫోటో పెద్దది పెట్టుకోవాలని టైలరమ్మ ముచ్చట. ముసలావిడకు సీసా అడుగులంత మందం కళ్ళజోడు.

"అది తీసేస్తే బావుంటుందేమో అమ్మా," అంది కూతురు.

"ఇది తీస్తే నా మొహం నాకే గుర్తుండదు. ఉంచే తియ్యమను," అంది ముసలావిడ, స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ.

మా ఆయన నొక్కాడు. గొడుగులోంచి వెలుగు వెళ్ళి సరిగ్గా కళ్ళద్దాల మీద పడింది. ఫోటోలో ఆవిడకు కళ్ళ బదులు రెండు తెల్లటి గొడుగులు. కర్ర జరిపి ఇంకోటి తీశాడు. ఈసారి ఒక కన్నే పోయింది. మళ్ళీ జరిపాడు, రెండూ పోయాయి.

"పోనీ కళ్ళు మూసుకోనా నాయనా, ఎలాగూ కనపడటం లేదుగా," అంది ఆవిడ. పాపం, వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

నాకు కూర్చున్నచోట ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుంది. లైటు ఇంకో మూరెడు పైకెత్తి, ఇంకాస్త ఆవిడ చెవి వైపుకి తిప్పి, ఆ కళ్ళజోడు కాళ్ళు చెవుల మీద పిసరంత లేపితే అద్దాలు కిందికి వంగుతాయి, మెరుపు జారిపోతుంది. ఎన్ని కళ్ళజోళ్ళకు చెయ్యలేదు నేను! అయినా నోరు కట్టుకుని కూర్చున్నాను.

టైలరమ్మ నా వైపు తిరిగింది. "లైటమ్మగారూ, ఇవాళ మీరు పట్టుకోవడం లేదా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు. "ఇక ఆవిడ పట్టుకోదండి."

ఏడాదికోసారి నోరు విప్పే మనిషి, విప్పి ఆ మాటా అనేది! 'ఇవాళ' కాదు, 'ఇక'.  లేచి వెళ్ళి కర్ర చివర్నుంచి ఫ్లాష్‌ని డబ్బాతో సహా ఊడదీశాను. "సెల్స్ అయిపోయినట్టున్నాయి, మార్చుకొస్తాను," అని మెట్లన్నీ దద్దరిల్లేలా పైకి వెళ్ళిపోయాను. సెల్స్ అయిపోలేదు. పొద్దున్నే నేనే వేశాను.

వంటింట్లో అలమర మీద ఫ్లాష్‌ని పెట్టి, టీకి నీళ్ళు పొయ్యి మీద పడేసి, స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు తన్నుకొస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే శబ్దం కిందికి వినపడుతుంది. ఇన్నేళ్ళు ఆ మనిషి పక్కన నిలబడ్డానా, నా చోటు ఇంతేనా? మూడు కాళ్ళున్న కర్ర వచ్చేసరికి రెండు కాళ్ళున్న నేను బెంచీ మీదికి వెళ్ళిపోయానా? రేప్పొద్దున ఎవరైనా పెద్ద హాలుకు పిలుస్తారు. ఆయన కెమెరా సంచీ ఒక భుజానికి, కర్ర ఇంకో భుజానికి తగిలించుకుని వెళ్ళిపోతాడు. తలుపు దగ్గర నిలబడి జాగ్రత్త అని చెప్పాలి నేను. నా పని ఇక అదే.

ఇలా లోలోపల కుతకుతలాడుతూ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, అలమర మీద థప్పున మెరుపు! గిన్నెలన్నీ ఒక్కసారిగా తళుక్కుమన్నాయి.

"అమ్మో!" అని అరిచాను. గ్లాసు చేతిలోంచి జారి గచ్చు మీద గంతులేసింది. ఏ కరెంటు తీగలో కాలిపోయి ఇల్లు అంటుకుందనే అనుకున్నాను. కింద ఆడవాళ్ళిద్దరూ ఘొల్లుమని నవ్వారు. అప్పుడు వెలిగింది నాకు. ఫ్లాష్ అడుగున డబ్బాను ఆపడం మర్చిపోయాను. ఆయన కింద ఊరికే కెమెరా నొక్కి చూసుకుని ఉంటాడు. గోడ అడ్డమున్నా వెళ్తుందన్నాడుగా, కప్పు అడ్డమున్నా వచ్చింది. కింద చీకటి ఫోటోలు, పైన నా వంటింట్లో మెరుపులు! కోపంలో కూడా నాకు కొంచెం నవ్వొచ్చింది. బాగా అయింది అనుకున్నాను.

లేచి దాన్ని ఆపేద్దామని చెయ్యి చాపాను. అంతలో మళ్ళీ వెలిగింది. ఒక్క క్షణం ఆగి ఇంకోసారి.

చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. కింద నవ్వులు ఆగిపోయాయి.  కాసేపటికి మళ్ళీ థప్, థప్. రెండు. పైన సెగ మీద నీళ్ళు మరుగుతున్నాయి, అలమర మీద ఆ బుల్లి పెట్టె నన్ను పిలుస్తోంది.

రెండుసార్లు లాగితే దగ్గరికి రమ్మని.

"రాను," అన్నాను పైకే, ఫ్లాష్‌తో. "మీ కర్రనే పిలుచుకోండి." మూతి ముడుచుకుని చేతులు కట్టుకుని దాని ఎదురుగానే నిలబడ్డాను. ఆపేద్దామంటే మాత్రం చెయ్యి రాలేదు. మళ్ళీ రెండు. "రానంటే రాను," అన్నాను. అప్పటికే నా గొంతు నాకే అనుమానంగా ఉంది.

చాలాసేపు ఏమీ లేదు. విసిగిపోయాడేమో, వాళ్ళను పంపించేశాడేమో అనుకున్నాను. లోపల ఎక్కడో భయం కూడా వేసింది. అప్పుడు వెలిగింది. ఒకటి. రెండు. ఆగి, మూడు.

మూడంటే చాలు, చెయ్యి దించమని.

నా చేతిలో లైటే లేదు, ఏం దించమంటాడు? ఆ మూడో మెరుపు చూస్తూ నిలబడ్డాను. ఈమధ్య పనుల్లో ఆయన తీగ లాగిన ప్రతిసారీ ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నాలుగు ఫోటోలకే మూడుసార్లు. పొడుగ్గా ఉన్న పెద్దమనిషి దగ్గర రెండే ఫోటోలు, మూడుసార్లు. చెయ్యి బాగా పైకెత్తాల్సి వచ్చిన ప్రతిచోటా మూడుసార్లు. నేను బద్ధకమనుకుని కసిరాను. ఆయనకు బద్ధకం కాదు. నా భుజం సంగతి ఆయనకు తెలుసు. నేనెవరికీ చెప్పలేదు, అయినా తెలుసు. ఇంకేముంది, ఇందాకట్నుంచి బిగబట్టిన ఏడుపు గట్టు తెంచుకుంది. వినపడితే వినపడనీ అని ఏడ్చాను.

మొహం కడుక్కుని, ఫ్లాష్ పట్టుకుని మెట్లు దిగాను. మెట్లు కిర్రుమంటుంటే ముగ్గురూ తలెత్తి చూశారు. మా ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద, నా చోట కూర్చుని ఉన్నాడు.

ముసలావిడ స్టూలు మీంచే అందుకుంది. "రా తల్లీ, రా. నీ కాపురం గుట్టు మాకు తెలిసిపోయింది. ఇంతమంచి ఆవిడ ఉండగా ఈ కర్ర ఎందుకు నాయనా అని నేనే అడిగాను. మీ ఆయన చెప్పాడు. నిద్రలో ఆ కుడి భుజం మీదికి దొర్లినప్పుడల్లా మూలుగుతావటగా! నీకు మెలకువ రాదట, ఆయనకే నిద్ర పట్టదట."

నాకు సిగ్గు, కోపం, ఇంకేదో, అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ఏమండీ! నాతో చెప్పని మాట, నాలుగు వీధులు తిరిగే ఆడవాళ్ళతో చెప్తారా?"

"మేం ఎవరికీ చెప్పంలెండి," అంది టైలరమ్మ. ఆవిడ కొట్టులో కత్తెర కంటే నోరు ఎక్కువ ఆడుతుందని అందరికీ తెలుసు.

మా ఆయన నేల చూస్తున్నాడు. "చెబితే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు.

"ఒప్పుకోను."

"మరి?"

"మరి ఏమిటి మరి! నేను ఒప్పుకోను, మీరు అరవాలి, నేనూ అరవాలి. మొగుడూ పెళ్ళాలన్నాక అలాగే చెప్పుకుంటారు. అంతేగానీ నోరు మూసుకుని కర్రను తెచ్చి నా చోట నిలబెడతారా? కూర్చో అంటారా నన్ను? ఇక పట్టుకోదు అంటారా?"

 ఆయన కెమెరా వెనక తెర నా వైపు తిప్పాడు. తెల్ల గొడుగుల కళ్ళతో ముసలావిడ.

"వారం నుంచీ అన్నీ ఇలాగే వస్తున్నాయి," అన్నాడు. "నాకు లైటు పెట్టడం రాదే. ఎప్పుడూ నువ్వే కదా పెట్టింది."

అంతే అన్నాడు. ఆ మనిషికి అది చాలా పెద్ద ప్రసంగం. నేను ఇంకో రెండు తిట్లు సిద్ధం చేసుకునే దిగాను గానీ, అవి ఎక్కడికి పోయాయో పోయాయి.

"లేవండి," అన్నాను. "బెంచీ మీద కూర్చుంటే పనులవుతాయా?"

ఫ్లాష్‌ని ఆయన చేతికిచ్చాను. కర్రకు తగిలించాడు. "పైకి," అన్నాను. ఎత్తాడు. "ఇంకొంచెం. అబ్బ, అంత కాదు! ఆవిడ చెవి వైపుకు జరపండి. గొడుగు కాస్త వంచండి. ఆఁ, అక్కడ." ఇన్నేళ్ళు ఆయన తీగ లాగితే నేను కదిలాను. ఇప్పుడు నేను నోటితో చెబుతుంటే ఆయన కదులుతున్నాడు. చెయ్యి ఎత్తే పని కర్ర చూసుకుంటోంది. నా రెండు చేతులూ ఖాళీ. ముసలావిడ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు కాళ్ళు చెవుల మీద పిసరంత లేపాను. భుజం మీద దారం ముక్క ఉంటే తీసేశాను.

"మీ అమ్మాయికి మొదట కుట్టడం నేర్పినప్పుడు ఏం పాడుచేసిందండీ?" అని అడిగాను.

"ఏం పాడుచేసిందా? మా ఆయన లాగూకి మూడో కాలు కుట్టింది!" అంది ఆవిడ.

"అమ్మా!" అంది టైలరమ్మ.

ఆవిడ మొహం ఇంకా నవ్వులో ఉండగానే నేను వెనక్కి వచ్చేశాను. ఎక్కడ నిలబడాలో ఒక్క క్షణం తెలియలేదు. లైటు దగ్గర నిలబడక్కర్లేదు. పట్టి ఉంచే తీగా లేదు. వెళ్ళి మా ఆయన పక్కన నిలబడ్డాను.

ఇన్నేళ్ళలో నేనెప్పుడూ కెమెరా పక్కన నిలబడలేదు. అందరి మొహాలూ నాకు పక్కనుంచే తెలుసు, చెవీ చెంపా మెడా. మనుషులు మా ఆయనకు ఎలా కనిపిస్తారో ఆ రోజే మొదటిసారి చూశాను. ఎదురుగా, కళ్ళలోకి చూస్తూ, నమ్మకంగా కూర్చుంటారు. ఇంతమంది ఇలా చూస్తుంటే ఈయన ఎందుకు మాట్లాడడో నాకు కొంచెం అర్థమైంది. మాట్లాడితే ఆ చూపు చెదిరిపోతుంది.

ఆయన నొక్కాడు. గొడుగు తెల్లగా మెరిసింది. తెర మీద ముసలావిడ, మందపాటి అద్దాల వెనక రెండు కళ్ళూ నిండుగా, లాగూ మూడో కాలు తలుచుకుని ఇంకా నవ్వుతూ. టైలరమ్మ వచ్చి చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా అమ్మే," అంది.

"ఇంకోటి," అన్నాను నేను. "గడ్డం కొంచెం పైకి పెట్టండి పెద్దమ్మా."

మా ఆయన కన్ను కెమెరాలోనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం కెమెరా వదిలి, చూడకుండానే పక్కకు తడిమింది. నా శాలువా అంచు దొరికింది. ఒకసారి లాగాడు. ఆగి, ఇంకోసారి.

నేను అప్పటికే పక్కన ఉన్నాను. అయినా ఇంకో అడుగు దగ్గరికి జరిగాను.